మైల్డ్ హైబ్రిడ్ కారులో విద్యుద్దోషాన్వేషణము

కూడలిలో ఎఱ్ఱదీపము వెలుగగానే ఇంజను తనంతట తాను నిశ్శబ్దమగుటయు, క్లచ్చిపై కాలు మోపగానే సెల్ఫు కొట్టిన చప్పుడైనను వినబడకుండ మరల మేలుకొనుటయు ఇటీవలి కారులు గలవారి కెల్లరకు నిత్యానుభవమైన విషయములే. కొన్న క్రొత్తలో ఆశ్చర్యము గొలిపిన యీ గుణము నెలలు గడచుకొలది అలవాటైపోవును. రెండు మూడు వేసవులు గడచిన పిమ్మట ఒకనాడు కారు కూడలిలో ఆగును గాని ఇంజను ఆగదు. నడకలో లోపము కానరాదు. డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపము ఒకనాడు వెలుగును, మఱునాడు వెలుగదు. బ్యాటరీకి వయసు మీఱినదని తలచి క్రొత్తది వేయింతురు; కొలది దినములు సవ్యముగా నడచి కారు మరల మొదటి స్థితికి వచ్చును. అంతట అనుమానము ఆల్టర్నేటరు మీదికి, అటనుండి సీటు క్రింది లిథియం బ్యాటరీ మీదికి పోవును. ఒక్కొక్క అనుమానమునకు వేలకు వేలు వ్యయమగును. కడకు దోషమెక్కడనని చూడగా, ఇంజనును కారు బాడీకి కలుపు ఎర్తు తీగె కొనయందు, ఒక బోల్టు క్రింద, పచ్చని చిలుము పట్టియుండును.

ఇంత స్వల్పమైన దోషము ఇంతటి విపరీతమైన రూపమున బయటపడుట కేమి కారణమో, దానిని వ్యర్థవ్యయము లేకుండ పట్టుకొను మార్గమేదో తెలియవలెనన్న, మైల్డ్ హైబ్రిడ్ వాహనమున విద్యుత్తు ఏ త్రోవను పోవునో, ఏ త్రోవను మరలి వచ్చునో ముందుగా ఎఱుగవలెను.

ఒకే యంత్రమునకు రెండు వృత్తులు

సాధారణమైన కారులో ఇంజనును లేపుటకు సెల్ఫు మోటారు, లేచిన ఇంజను బలముతో విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపుటకు ఆల్టర్నేటరు (మన మెకానిక్కులలో పెద్దవారు నేటికిని డైనమో యనియే యందురు) వేర్వేరుగా నుండును. అయస్కాంత క్షేత్రములో తీగెచుట్టను త్రిప్పిన విద్యుత్తు పుట్టును. అదే తీగెచుట్టకు విద్యుత్తు నిచ్చిన అది తిరుగును. ఈ రెండు ధర్మములును ఒకే యంత్రమున నుండగా రెండు యంత్రము లెందులకను ప్రశ్నయే మైల్డ్ హైబ్రిడ్‌నకు మూలము. ఇంటిగ్రేటెడ్ స్టార్టర్ జనరేటరు, క్లుప్తముగా ఐ.ఎస్.జి. యనబడు యంత్రము ఆల్టర్నేటరు స్థానముననే యుండి, బెల్టు ద్వారా ఇంజనుతో ముడిపడి, ఒకప్పుడు ఇంజను చేత త్రిప్పబడును, ఒకప్పుడు తానే ఇంజనును త్రిప్పును. కాలు యాక్సిలరేటరు మీదినుండి తీసినపుడు, బ్రేకు వేసినపుడు, వేడిగా మాఱి వ్యర్థము కావలసిన చలనశక్తిలో కొంత భాగమును విద్యుత్తుగా మార్చి దాచును. కారు వేగము పుంజుకొనునపుడు దాచిన దానిని ఇంజనునకు సాయముగా నిచ్చును. కారును తానొక్కటియే నడుపజాలదు; కావుననే యీ వాహనములకు మైల్డ్ హైబ్రిడ్‌లను పేరు వచ్చినది.

సుజుకీ సంస్థ 2014లో జపాను దేశపు వ్యాగన్ ఆర్ కారులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. మన దేశమున మారుతీ సుజుకీ 2015లో సియాజ్, ఎర్టిగా డీజిలు కారులలో ఎస్.హెచ్.వి.ఎస్. అను పేర దీనిని తెచ్చినది; 2018లో వచ్చిన పెట్రోలు సియాజ్ మొదలుకొని ఎడమవైపు ముందు సీటు క్రింద ఒక చిన్న లిథియం బ్యాటరీ కూడ చేరినది. ఇట్టి కారులలో పాత పద్ధతి సెల్ఫు మోటారు పూర్తిగా అంతరింపలేదు. ఉదయమున చల్లని ఇంజనును తొలిసారి లేపుట దాని పని. కూడలిలో ఆగిన వేడి ఇంజనును మరల లేపుట ఐ.ఎస్.జి. పని. దోషమును వెదకువానికి ఈ భేదము తొలి సూచన యిచ్చును. ఉదయము సెల్ఫు సులువుగా కొట్టి, కూడలిలో మాత్రము తడబడు కారునకును, రెండు చోట్లను తడబడు కారునకును రోగ మొక్కటి కాదు. మొదటిదానిలో ఐ.ఎస్.జి., దాని బెల్టు, దాని తీగెలు శంకింపదగినవి. రెండవదానిలో రెండింటికిని ఉమ్మడియైన బ్యాటరీని, ఎర్తును ముందుగా చూడవలెను.

రెండు నిధులు

సీసపు బ్యాటరీ ఒక్కసారిగా పెద్ద ప్రవాహము నీయగలదు గాని, అంత త్వరగా పుచ్చుకొనజాలదు. కారు ఆగునపుడు బ్రేకు వేయుట కొన్ని సెకండ్ల పని; ఆ కొన్ని సెకండ్లలో వచ్చిపడు విద్యుత్తును మ్రింగుటకు లిథియం బ్యాటరీ కావలసివచ్చెను. సుజుకీవారు జపానులో వాడిన లిథియం టైటనేటు జాతి సెల్లు ఒక్కొక్కటి ఇంచుమించు 2.4 వోల్టుల నిచ్చును. అట్టివి ఐదు వరుసగా కూర్చిన 12 వోల్టు లగుటచేత సీసపు బ్యాటరీకి ప్రక్కన జోడుగా నమరును. కూడలిలో ఇంజను ఆగియున్నపుడు ఫ్యాను, పాటల పెట్టె, దీపములు మొదలైనవాని భారమును పంచుకొని సీసపు బ్యాటరీ దిగజారకుండ కాపాడుటయు దీని పనియే. ఏ క్షణమున ఏ నిధినుండి తీయవలెనో, దేనిలో వేయవలెనో ఒక కంప్యూటరు నిర్ణయించును. ఆ కంప్యూటరునకు ఆధారము సీసపు బ్యాటరీ నెగటివు టెర్మినల్ వద్ద బిగించిన చిన్న సెన్సారు. అది తనగుండ పోవు ప్రవాహమును, వచ్చు ప్రవాహమును ఎడతెగక లెక్కించుచు, బ్యాటరీలో ఎంత మిగిలియున్నదో అంచనా కట్టుటకు తోడ్పడును.

ఈ సెన్సారును ఎఱుగకపోవుటచేత కలుగు దోషము లనేకము. అదనముగా ఆంప్లిఫయరునో, డాష్ కెమెరానో బిగించువారు వాని ఎర్తు తీగెను తిన్నగా బ్యాటరీ టెర్మినల్‌కే తగిలింతురు. అపుడా పరికరము వాడుకొను విద్యుత్తు సెన్సారు గుండ పోదు, లెక్కలో చేరదు. కంప్యూటరు బ్యాటరీ నిండుగా నున్నదనుకొనును, బ్యాటరీ యందు సగమే యుండును. దీనికి చికిత్స ఆ తీగెను విప్పి కారు బాడీకి బిగించుటయే. రూపాయి ఖర్చులేని పని.

⬛ 48 వోల్టులే యేల?
ఒక యంత్రమునకు 10 కిలోవాట్ల శక్తి కావలెనన్న, 12 వోల్టుల వద్ద 830 ఆంపియర్లకు పైగా ప్రవాహ మీయవలెను. 48 వోల్టుల వద్ద 208 ఆంపియర్లు చాలును. ప్రవాహము నాల్గవ వంతైనపుడు అదే తీగెలో పుట్టు వేడి పదునాఱవ వంతగును. మఱి ఇంకను పైకి పోరాదా యన్న, 60 వోల్టులకు లోబడిన ఏకముఖ విద్యుత్తు మనుష్యుడు పొరపాటున తాకినను ప్రాణాపాయకరము కాదని ప్రమాణములు అంగీకరించినవి. అది దాటిన నారింజరంగు తీగెలు, ప్రత్యేక రక్షణలు, ప్రత్యేక శిక్షణ అవసరమగును. టయోటావారు 2001లోనే క్రౌన్ కారులో 42 వోల్టుల పద్ధతిని ప్రయత్నించిరి. 2011లో జర్మనీ దేశపు పెద్ద కారు సంస్థలు 48 వోల్టుల మీద ఏకాభిప్రాయమునకు వచ్చినవి. యూరపులో 2020లో సుజుకీవారి విటారా, స్విఫ్ట్ స్పోర్ట్ కారులు ఈ పద్ధతితో వచ్చినవి.

లోపముగా కనబడు సుగుణములు

కూడలిలో ఇంజను ఆగలేదన్న మాత్రమున దోషమున్నదని నిశ్చయింపరాదు. ఇంజను ఆగుటకు పెక్కు నియమములు ఒక్కసారిగా నెఱవేఱవలెను: ఇంజను నీరు తగినంత వేడెక్కియుండవలెను, బ్యాటరీలో నిలువ చాలినంత యుండవలెను, డ్రైవరు సీటు బెల్టు పెట్టుకొని, తలుపును బానెట్టును మూసియుండవలెను, బ్రేకునకు సాయపడు శూన్యబలము తగ్గియుండరాదు, ఏ.సి.కి మిక్కిలి పని యుండరాదు. మే నెల మిట్టమధ్యాహ్నము విజయవాడ బెంజి సర్కిలు వద్ద నిండు ఏ.సి.తో నిలిచిన కారు ఇంజనును ఆపకుండుట దాని వివేకమేగాని వ్యాధి కాదు. బానెట్టు మూతపడినదో లేదో చెప్పు చిన్న స్విచ్చి వంగినచో ఆ ఒక్క కారణముచేతనే ఇంజను ఎన్నడు నాగదు. ఆ సందర్భమున బ్యాటరీ మార్చి ప్రయోజన మేమి? ఒక్కొక్క నియమము నెఱవేఱినదో లేదో స్కానరు తెరమీద వరుసగా చూచుటకు వీలున్న కారులలో ఈ పని నిమిషములలో ముగియును.

ఇంతకంటె విశేషమైన భ్రమ మఱియొకటి కలదు. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టిన 13.8 మొదలు 14.4 వోల్టుల వఱకు చూపవలెననియు, 12.6 చూపిన డైనమో చెడినదనియు తరతరముల మెకానిక్కులు నేర్చిన సూత్రము. పాత కారులకు అది నిక్కమైన సూత్రమే. మైల్డ్ హైబ్రిడ్ కారులో కంప్యూటరు ఇంధనమును ఆదా చేయుటకై, బ్యాటరీ నిండుగా నున్నంతకాలము విద్యుదుత్పత్తిని బుద్ధిపూర్వకముగా తగ్గించును. కాలు తీసినపుడు, బ్రేకు వేసినపుడు మాత్రమే పెంచును. కావున నిలిచియున్న కారులో 12.6 చూచి ఐ.ఎస్.జి.ని దోషిగా నిర్ణయించుట అన్యాయము. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనుక అద్దపు హీటరు ఒక్కసారి వేసి భారము పెంచినను వోల్టేజి పైకి లేవకున్నపుడు, నడచుచున్న కారులో కాలు తీసినపుడైనను లేవకున్నపుడు మాత్రమే అనుమానింపవలెను. ఆరోగ్యముగా నున్న ఐ.ఎస్.జి.లను విప్పి మార్చుటకు ఈ ఒక్క పొరపాటు చాలునని నా యభిప్రాయము.

స్కానరు పలుకు సాక్ష్యము

స్టీరింగు క్రింద పదునాఱు రంధ్రముల సాకెట్టు నొకటి ప్రతి నూతన వాహనమునకు కలదు. స్కానరు నందు తగిలించిన కంప్యూటరు దాచిన దోషసంకేతములు బయటపడును. పి0562 అనగా వ్యవస్థలో వోల్టేజి తక్కువైనదని. యు0100 అనగా ఇంజను కంప్యూటరుతో సంభాషణ తెగినదని. పి0ఎ94 అనగా డి.సి. కన్వర్టరు పనితీరు సరిగా లేదని అర్థము. ఈ పలుకులు వినినంతనే ఆ పేరు గల పరికరమును మార్చుట నేడు విరివిగా జరుగుచున్న పని. ధనమును వృథాచేయు పని కూడ.

సంకేతము చెప్పునది తాను చూచిన సంగతిని మాత్రమే. వోల్టేజి తగ్గినదని చెప్పును గాని, ఏల తగ్గినదో చెప్పదు. ఇంజనును లేపు క్షణమున ఎక్కడనో ఒక కీలు చెడి వోల్టేజి 9కి లోబడిన, ఒకదాని వెంట నొకటిగా కంప్యూటరులు మూర్ఛపోవును. మేలుకొన్న పిమ్మట ఒకదానిమీద నొకటి ఫిర్యాదు వ్రాయును. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు, స్టీరింగు కంప్యూటరు, బ్రేకు కంప్యూటరు అన్నియు తమ పొరుగువారు పలుకుట లేదని వాఙ్మూలమిచ్చును. పది పండ్రెండు సంకేతములు చూచి యజమాని గుండె జారును. వాని నన్నిటిని కాలక్రమమున అమర్చి, మొట్టమొదట వచ్చినదేదో, అది వచ్చిన క్షణమున ఇంజను వేగమెంతో, వోల్టేజి యెంతో, వేడి యెంతో చూడవలెను. ఆ క్షణపు స్థితిని కంప్యూటరు చిత్రము వలె దాచియుంచును. ఎల్ల సంకేతములును ఇంజను లేచు క్షణముననే పుట్టినవైనచో, కంప్యూటరులను విడిచి తీగెలను వెదకుట మొదలుపెట్టవచ్చును.

పనిచేయుచుండగా కొలుచుట

ఇప్పుడు విషయము యొక్క గర్భమునకు వచ్చితిమి. దోషమున్న తీగెను విప్పి, మీటరును నిరోధము కొలుచు స్థానమున నుంచి చూచిన, తీగె చక్కగా నున్నదనియే చూపును. వంద పోగుల తీగెలో తొంబది తొమ్మిది తెగి, ఒక్క పోగు మిగిలినను మీటరు అట్లే చెప్పును. ఏలయన, మీటరు తన పరీక్షకై పంపు ప్రవాహము అత్యల్పము. ఒక్క పోగు దానిని సుఖముగా మోయగలదు.

కృష్ణా డెల్టాలో పంటకాలువకు అడ్డముగా బాట క్రింద వేసిన తూమును తలచుకొనుడు. దిగువ రైతులు మళ్లకు నీరు పెట్టనపుడు, తూము సగము పూడుకొనియున్నను, ఎగువను దిగువను నీటిమట్ట మొక్కటియే. చూచినవాడు తూము బాగున్నదనును. దిగువను అందఱు ఒక్కసారి మడవలు తెఱచిన నాడు, ఎగువ నీరు గట్టు దాక నిలిచియుండగనే దిగువ కాలువ అడుగు కనబడును. ఆ రెండు మట్టముల భేదమే పూడిక యెంతయో చెప్పును. పూడిక నీరు నిలిచియున్నపుడు దాగియుండి, నీరు పాఱునపుడే బయటపడును. విద్యుత్తునందును ఇంతే. తీగెలో ప్రవాహము నడుచుచుండగా దాని రెండు కొనల నడుమ వోల్టేజి భేదమెంతయో కొలుచుట ఒక్కటియే దాని నిజస్వరూపమును చెప్పును.

లెక్కకు 6 మిల్లీఓముల నిరోధము గల చిలుము పట్టిన కీలు నొకదానిని తీసికొందము. చేతి మల్టీమీటరు తీగెలకే అంతకు ఇరువదింతల నిరోధ ముండును గనుక దానిని మీటరు నిరోధముగా పట్టజాలదు. ఇంజనును లేపుటకు 200 ఆంపియర్లు ఆ కీలు గుండ పాఱినపుడు 1.2 వోల్టులు అక్కడనే హరించుకొనిపోవును. 240 వాట్ల వేడి ఆ చిన్న బోల్టు క్రింద పుట్టును. రేడియో, దీపములు, కిటికీ అద్దములు స్వల్ప ప్రవాహముతో నడచునవి గాన వానికి లోపమేమియు తెలియదు, పెద్ద ప్రవాహము కోరు ఐ.ఎస్.జి., సెల్ఫు మాత్రమే బాధపడును. వ్యాసారంభమున చెప్పిన చిక్కుప్రశ్నకు సమాధాన మిదియే. క్రొత్త బ్యాటరీ వేసినపుడు కొలది దినములు బాగైనట్లు తోచుటకు గల కారణమును ఇందుండియే గ్రహింపవచ్చును: క్రొత్త బ్యాటరీ బలమధికమగుటచేత ఆ నష్టమును భరించియు పని నెఱవేర్చినది, దాని నిండుదనము కొంత తగ్గినంతనే నష్టము మరల పైకి తేలినది.

పరీక్షావిధానము సులభము. మీటరును ఏకముఖ వోల్టుల స్థానమున నుంచి, నల్లని ముల్లును బ్యాటరీ నెగటివు దిమ్మ మీదనే, అనగా దానిని పట్టియున్న బిగింపు మీద గాక సీసపు దిమ్మ మీదనే, యుంచవలెను. ఎఱ్ఱని ముల్లును రంగు లేని ఇంజను లోహము మీద నుంచి, ఒకరు సెల్ఫు కొట్టుచుండగా మఱియొకరు అంకెను చూడవలెను. 0.2 వోల్టునకు లోబడిన ఎర్తు త్రోవ ఆరోగ్యముగా నున్నట్లు. అంతకు మించిన, ఎఱ్ఱని ముల్లును ఇంజను నుండి ఎర్తు తీగె కొనకు, అటనుండి బాడీకి, అటనుండి బ్యాటరీ తీగె లగ్గునకు, కడపట బిగింపునకు ఒక్కొక్క అడుగు వెనుకకు జరుపుచు పోవలెను. ఏ అడుగున అంకె ఒక్కసారిగా పడిపోవునో, ఆ అడుగుననే దోషము. పాజిటివు వైపునను, ఐ.ఎస్.జి. ఇంజనును లేపుచుండగా, ఇట్లే దిమ్మ నుండి ఐ.ఎస్.జి. బోల్టు వఱకు చూడవలెను. ఆ నడుమ పెద్ద ఫ్యూజు, రిలే యుండును గాన అచ్చట మఱికొంత భేదము సహజము.

విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి ఈ కీళ్లకు ప్రథమశత్రువు. మరమ్మతు పెద్దపని కాదు. బ్యాటరీ నెగటివు తీసి, కీలు విప్పి, లోహము తళతళలాడువఱకు రుద్ది, బోల్టును నిర్ణీత బలముతో బిగించి, బిగించిన పిమ్మట (ముందు గాదు) పైన వ్యాజ్‌లీను పూయవలెను. తీగె తొడుగును కొంచెము కోసి చూచినపుడు లోపలి రాగి నల్లబడియో పచ్చబడియో యున్న, కొనను రుద్దుటవలన లాభము లేదు, తీగెనే మార్చవలెను. మరమ్మతైన పిమ్మట అదే పరీక్షను మరల చేసి అంకె దిగినదని కన్నులార చూచుకొననిదే బానెట్టు మూయరాదు.

విజయవాడ ఆటోనగరులో, హైదరాబాదు వీథులలో పనిచేయు మెకానిక్కుల చేతికిని చెవికిని ఉన్న నేర్పు అసామాన్యమైనది. కంప్యూటరు వచ్చినదని వారు వెనుకంజ వేయనక్కఱ లేదు. ఈ పరీక్షకు కావలసినది సామాన్యమైన మల్టీమీటరు, ఇద్దఱు మనుష్యులు, కొంత ఓపిక. పెద్ద సర్వీసు సెంటర్లలో సైతము పరికరమును మార్చుటకు పూర్వము ఈ అంకెను బిల్లు మీద వ్రాసి చూపవలెనను నియమముండిన, యజమానులకెంతో మేలగునని నేను దృఢముగా నమ్ముచున్నాను.

బెల్టు మోయు భారము

సాధారణమైన ఆల్టర్నేటరు బెల్టు ఒక దిక్కునకే లాగబడును. దాని వదులు ప్రక్క ఎల్లపుడు ఒకటియే. ఐ.ఎస్.జి. విద్యుత్తును పుట్టించునపుడు ఒక ప్రక్క బిగియును. తానే ఇంజనును త్రిప్పునపుడు రెండవ ప్రక్క బిగియును. కావున టెన్షనరు రెండు దిక్కులను సవరింపగలిగి యుండవలెను. బెల్టు జాఱినపుడు ఐ.ఎస్.జి. వేగముగా తిరిగినను ఇంజను అంతగా తిరుగదు. కంప్యూటరు ఆ వ్యత్యాసమును చూచి ఐ.ఎస్.జి. మీద సంకేతము వ్రాయును. నేటి బెల్టులు వెనుకటి రబ్బరు వలె పగుళ్లు చూపవు. పగుళ్లు లేకుండగనే వాని గాళ్లు లోతుగా అరిగిపోవును. పైకి నిగనిగలాడు బెల్టు బాగున్నదని నమ్మక గాళ్ల లోతును గేజితో కొలువవలెను. ఇంజనాయిలో, కూలెంటో బొట్లుబొట్లుగా పడుచున్న, ముందా కారుటను ఆపక బెల్టును మార్చుట వ్యర్థము. అదే కొలత గల సాధారణపు బెల్టును వేయుట మఱింత హాని. ఈ ద్విముఖ భారమునకు అది చేయబడినది కాదు.

ఐ.ఎస్.జి. లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్చులలో ఒకటి కాలిన సంగతి తెలియుటకు మీటరును ఏకాంతర వోల్టుల స్థానమున నుంచి, ఇంజను తిరుగుచు భారముండగా బ్యాటరీ మీద చూడవలెను. అర వోల్టు దాటిన అలలు కనబడిన, యంత్రమును విప్పుటకు తగిన కారణము దొరకినట్లే.

48 వోల్టుల కారు

ఈ జాతి కారులలో 12 వోల్టుల ఆల్టర్నేటరు ఉండదు. ఐ.ఎస్.జి. నింపునది 48 వోల్టుల లిథియం బ్యాటరీని. దీపములు, కంప్యూటరులు, తాళములు పనిచేయునది 12 వోల్టుల సీసపు బ్యాటరీతో. రెండింటి నడుమ డి.సి. కన్వర్టరు వోల్టేజిని దింపి అందించును. కన్వర్టరు ఆగిన, పెద్ద నిధి నిండుగా నుండగనే చిన్న నిధి ఎండిపోయి కారు దారిలో నిలుచును. ఇంజను తిరుగుచుండగా 12 వోల్టుల వైపు అంకె నిలకడగా నుండక నిమిష నిమిషమునకు దిగజారుచున్న, భారము వేసినను పైకి రాకున్న, కన్వర్టరు వైపు చూపు త్రిప్పవలెను. అప్పుడును దానిని మార్చుటకు ముందు దాని ఫ్యూజు, దాని ఎర్తు, పనిచేయుమని దానికి రావలసిన ఆజ్ఞ వచ్చుచున్నదో లేదో చూడవలెను.

48 వోల్టులలో ప్రాణభయము స్వల్పమే యైనను అగ్నిభయము కలదు. రాగి కొనల నడుమ విద్యుజ్జ్వాల నిలుచుటకు సుమారు 12, 13 వోల్టులైనను కావలెను. కావుననే 12 వోల్టుల కారులో వదులైన కీలు చిటపటలాడి ఆఱిపోవును. 48 వోల్టుల కారులో అదే వదులు కీలు జ్వాలను పట్టి నిలుపగలదు. కనెక్టరు కఱగిన గుర్తు, ప్లాస్టిక్కు గోధుమరంగు తిరిగిన గుర్తు కనబడిన దానిని రుద్ది బాగుచేయక, జతను జతగా మార్చవలెను. 48 వోల్టుల యంత్రముల ఎర్తు తీగె తెగినచో ప్రవాహము మఱియొక త్రోవను వెదకుకొనుచు 12 వోల్టుల కంప్యూటరులలోనికి చొఱబడు ప్రమాదమును కలదు. అందుచేత ఈ ఎర్తు బోల్టులను తలచినట్లు విప్పరాదు.

⬛ చేయి పెట్టుటకు ముందు
ఇగ్నిషను ఆపి, తాళపుచెవిని కారునకు దూరముగా నుంచవలెను. తయారీదారు చెప్పిన వరుసలో 12 వోల్టుల నెగటివును, 48 వోల్టుల విడదీయు కనెక్టరును తీసి, కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు ఇంకిపోవుటకు పుస్తకములో చెప్పినంత సేపు వేచి, మీటరుతో సున్న యని నిర్ధారించుకొనవలెను. ఉంగరము, కంకణము, గొలుసు తీసివేయవలెను. ప్రవాహము నడుచుచుండగా 48 వోల్టుల కనెక్టరును లాగరాదు. వేఱొక కారు బ్యాటరీతో లేపవలసివచ్చిన 12 వోల్టుల బిందువులకే తీగెలు తగిలింపవలెను. సీటు క్రింది లిథియం బ్యాటరీకి ఎన్నడును కాదు. ఆ బ్యాటరీ పెట్టెను విప్పుట మెకానిక్కు పని కాదు.

సీటు క్రింది నీరు, తీగెల మీది పండ్లు

లిథియం బ్యాటరీ సీటు క్రింద నుండుట వేడినుండి దానిని కాపాడినది గాని, నీటికి దగ్గఱ చేసినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినపుడు ఎన్నో కారులు సీట్ల మట్టము దాక నీటిలో నిలిచినవి. అట్టి కారును నీరు తీసినంతనే ఇగ్నిషను త్రిప్పి చూచుట ప్రమాదకరము. విడదీసి, లాగించుకొనిపోయి, లిథియం బ్యాటరీని అనుభవజ్ఞులచే పరీక్షింపజేయవలెను. వఱదయే కానక్కఱ లేదు: మూసుకొనిపోయిన ఏ.సి. నీటిగొట్టము నుండి చాప క్రిందికి చేరు చెమ్మ కూడ కనెక్టరులకు చిలుము పట్టించును.

కంప్యూటరులు పరస్పరము మాటాడుకొనునది ఒకదానితో నొకటి మెలివేసిన రెండు సన్నని తీగెల మీద. 1986లో బాష్ సంస్థ వెల్లడించిన క్యాన్ అను పద్ధతి యిది. దాని రెండు కొనలయందు 120 ఓముల నిరోధము లుండును. బ్యాటరీ విడదీసి ఆ జత నడుమ కొలిచిన 60 రావలెను. 120 వచ్చిన ఒక కొన తెగినది. సున్నకు చేరువగా వచ్చిన రెండు తీగెలును ఎక్కడనో కలిసిపోయినవి. మన ప్రాంతమున దీనికి తఱచుగ కారణమగునది ఎలుక. కొఱికిన చోటును వెదకి, అతికి, మెలిని చెడకుండ మరల చుట్టి, గట్టిగా కప్పవలెను. మెలి విడిపోయిన జత బయటి అలజడిని పీల్చుకొని మాటలను తారుమారు చేయును.

బ్యాటరీ మార్చవలసి వచ్చినపుడు

నిజముగనే బ్యాటరీ వయసు మీఱిన కారులును కలవు. రాయలసీమ, తెలంగాణ వేసవులలో బానెట్టు క్రింది వేడి సీసపు బ్యాటరీ ఆయువును హరించును; ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు హెచ్చుకొలది ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల స్థూలసూత్రము. రాత్రి యంతయు నిలిచిన కారులో ఉదయము 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నట్లు, 12.2 సగము, 12.0 ఇంచుమించు పాతిక వంతు. నిండుగా నింపిన పిమ్మటను భారపరీక్షలో కూలిపోవు బ్యాటరీని మార్చవలసినదే. మార్చునపుడు మాటిమాటికి ఆగి లేచు కారులకై చేసిన జాతి బ్యాటరీనే, అనగా ఇ.ఎఫ్.బి. యో ఏ.జి.ఎం. యో మొదట ఉన్నదానినే, వేయవలెను. కొన్ని కారులలో క్రొత్త బ్యాటరీ వచ్చినదని స్కానరుతో కంప్యూటరునకు తెలుపవలెను. అట్లు తెలుపకున్న అది పాత ముసలి బ్యాటరీ ననుసరించియే లెక్కలు వేయును. తెలిపిన పిమ్మటను సెన్సారు తన లెక్కను స్థిరపఱచుకొనుటకు కారు కొన్ని గంటలు కదలక నిలువవలసి యుండవచ్చును. ఆ లోపల ఇంజను కూడలిలో ఆగకున్న తొందరపడరాదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగజారుచున్న, కారు తాళము వేసి అరగంటకు పైగా కంప్యూటరులు నిద్రపోవువఱకు ఆగి, దొంగ ప్రవాహమును కొలువవలెను. 50 మిల్లీఆంపియర్లకు లోబడిన సహజమే. మించిన, ఫ్యూజులను పెఱుకకుండగనే ఒక్కొక్క ఫ్యూజు వీపు మీది రెండు బిందువుల నడుమ మిల్లీవోల్టులను చూచుకొనుచు పోవలెను. అంకె కనబడిన ఫ్యూజు త్రోవనే విద్యుత్తు పోవుచున్నది. ఫ్యూజు పెఱికిన నిద్రించిన కంప్యూటరు మేలుకొని లెక్క తారుమారగును.

మరమ్మతు ముగిసిన పిమ్మట సంకేతములను చెఱిపి, ఇంజను పూర్తిగా వేడెక్కువఱకు కారును నడిపి, ఐదారు కూడళ్లలో ఆపి లేపి, మరల స్కానరు తగిలించి చూడవలెను. ఆనాటి ఎర్తు భేదమును, నిలిచియున్నప్పటి వోల్టేజిని, భారముతో నున్నప్పటి వోల్టేజిని తేదీతో సర్వీసు పుస్తకమున వ్రాయించుకొనవలెను. మఱుసటి ఏడు అదే కారు అదే కూడలిలో ఆగక మొరాయించినపుడు, 0.1 అయిన అంకె 0.4 అయినదో లేక అట్లే యున్నదో చూచినచో, వెదకులాట తీగెలలో మొదలుపెట్టవలెనో, బెల్టులో మొదలుపెట్టవలెనో ఆ పుస్తకమే చెప్పును.